వృద్ధాప్యమున పెంపుడు కుక్కకు వైద్యపరీక్ష



మన వాకిండ్లను రేయింబవళ్లు కాచు కుక్కకు ముసలితనము వచ్చినపుడు మనము చేయవలసిన దేమియో నేడు విన్నవించెదను.

కుక్క సామాన్యముగా పది మొదలు పదునాలుగేండ్ల వఱకు జీవించును. పెద్ద దేహము గల జాతులకు ఆరేడేండ్లకే వార్ధక్య మారంభమగును. చిన్న జాతులకు పదవ యేటి ప్రాంతమున వచ్చును. ఆ వయస్సు వచ్చినది మొదలు, రోగ మున్నను లేకున్నను, ఆఱు నెలల కొకమాఱు దానిని పశువైద్యునకు చూపుట మేలు.

"రోగము లేనిదే వైద్యు డేల?" యని మీ రడుగవచ్చును. మూగజీవము తన బాధను చెప్పుకొనజాలదు సరికదా, దాచుకొనును గూడ. మూత్రపిండముల సంగతి చూడుడు. వాని శక్తిలో సుమారు మూడింట రెండుపాళ్లు నశించువఱకు కుక్క యథాప్రకారము తిని, తోక యాడించుచునే యుండును. లక్షణములు పొడసూపునప్పటికి మిగిలినది మూడవ పాలే. పోయిన భాగము ఏ మందుచేతను తిరిగి రాదు. ముందుగా తెలిసినచో ఆహారము మార్చి, మిగిలినదానిని కొంతకాలము కాపాడుకొనవచ్చును. రక్తమును మూత్రమును పరీక్షించుటచే ఈ వ్యాధియు, మధుమేహమును, కాలేయ దోషములును ముందే బయటపడును.

ఇవిగాక వైద్యుడు కుక్కను తూచును. పండ్లను చిగుళ్లను చూచును. గుండె చప్పుడు వినును. కడుపును కీళ్లను తడవి చూచును. చర్మము క్రింద గడ్డ లున్నవేమో వెదకును. వీనికి గొప్ప యంత్రము లక్కఱలేదు. ఆడుకుక్కకు పొదుగున గడ్డలు, గర్భాశయమున చీము ముసలితనమున తఱచు కలుగును. చీము పట్టిన కుక్క నీరు విస్తారముగా త్రాగును. వెంటనే చికిత్స చేయింపనిచో ప్రాణమునకే ముప్పు.

మనలో "ముసలిదైనది, అంతే" యను మాట యొకటి కలదు. ఆ మాట చాటున ఎన్నో వ్యాధులు దాగియున్నవి. కుంటుట కీళ్లనొప్పి కావచ్చును. తిండి మానుట పుచ్చిన పంటివలన కావచ్చును. ముసలితనమునకు మందు లేదు గాని, ఈ బాధలకు కలదు. అయితే మనము నొప్పికి వేసికొను మాత్రలను దానికి పెట్టరాదు. ఐబుప్రోఫెన్ వంటివి కుక్క కడుపును మూత్రపిండములను చెఱచును.

ముసలిదని పిచ్చికుక్క వ్యాధికి టీకా మానరాదు. అది కుక్కకే కాదు, దానితో నాడుకొను మన పసిబిడ్డలకును రక్ష.

మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లడయ్యెను. మన కంత కఠినపరీక్ష లేదు. పరీక్షకును పరీక్షకును నడుమ నాలుగు సంగతులు కనిపెట్టి యుండిన చాలును: నీరు త్రాగుట హెచ్చినదా, ఒడలు చిక్కినదా, నోరు దుర్గంధము కొట్టుచున్నదా, లేచుటకు కష్టపడుచున్నదా. ఇందేది కనబడినను ఆఱునెలల గడువుకై వేచియుండక చూపవలయును.

ఎడ్లను, ఆవులను పశువైద్యశాలకు తోలుకొనిపోవునాడు, వాకిట పరుండిన ముసలి కుక్కనుగూడ వెంట తీసికొనిపొండు. ఇదియే నా మనవి.