ఏటవాలు తలం మీద గీయగలరా?

మద్దిలపాలెం, ఏయూ చుట్టుపక్కల చదివే మెకానికల్, సివిల్ విద్యార్థులు రెజ్యూమెలో ‘ఆటోక్యాడ్ వచ్చు’ అని రాసుకోవడం మామూలే. వచ్చో రాదో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

డ్రాఫ్ట్స్‌మన్ పరీక్షలో ఇలా అడిగారనుకోండి: 30 డిగ్రీల వాలున్న ప్లేటుకు లంబంగా 300 మి.మీ. వ్యాసంతో గుండ్రటి రంధ్రం వేయాలి. మీరు టాప్ వ్యూలో వృత్తం గీసి, నిట్టనిలువుగా కట్ చేశారు. పైనుంచి చూస్తే గుండ్రంగానే ఉంటుంది. కానీ ప్లేటు మీద వాలు దిశలో అది సుమారు 346 మి.మీ.కు సాగిన దీర్ఘవృత్తం. ప్లేటు కోశాక గానీ ఆ తప్పు బయటపడదు.

ఇక్కడ వస్తువును తిప్పకండి, అక్షాలను తిప్పండి. అందుకే యూసీఎస్ (యూజర్ కోఆర్డినేట్ సిస్టమ్) ఉంది.

ఇలా చేయండి

* యూసీఎస్ కమాండ్ ఇచ్చి, ప్లేటు మూలను మూలబిందువుగా క్లిక్ చేయండి. రెండో క్లిక్ ఎక్స్ అక్షం దిశలో, మూడోది వై వైపు ప్లేటు మీదే.
* ప్లాన్ కమాండ్ ఇస్తే ఆ తలం మీకు ఎదురుగా వస్తుంది. ఇప్పుడు వృత్తం గీయండి.
* ఆ యూసీఎస్‌ను పేరుతో సేవ్ చేసుకోండి. పని అయ్యాక ‘వరల్డ్’కు తిరిగి రండి. ఇది మరిచిపోతే తర్వాతి గీతలన్నీ వాలులోనే పడతాయి.

జెడ్ ఎటు ఉందో అనుమానమా? కుడిచేయి చాచండి. బొటనవేలు ఎక్స్, చూపుడువేలు వై అయితే, అరచేతికి లంబంగా మడిచిన మధ్యవేలు జెడ్.

ఇదే ఆలోచన రైనోలో ‘సీప్లేన్’, ఇన్వెంటర్‌లో ‘వర్క్ ప్లేన్’, సాలిడ్‌వర్క్స్‌లో ‘రిఫరెన్స్ ప్లేన్’. పేర్లే వేరు.

మన ఊళ్లో ఎక్కడ పనికొస్తుంది?

1941లో పునాది పడిన మన షిప్‌యార్డునే తీసుకోండి. ఓడ డ్రాయింగులో ఎత్తును బేస్‌లైన్ నుంచి, వెడల్పును సెంటర్‌లైన్ నుంచి కొలుస్తారు. వంపు తిరిగిన ఆ పొట్టకు బ్రాకెట్ అతికించాలంటే, అక్కడికక్కడ కొత్త తలం పెట్టుకోవాల్సిందే. ఉక్కు కర్మాగారంలో వాలుగా ఎక్కే కన్వేయర్ గ్యాలరీలకూ అంతే.

చివరగా ఒక మాట. గీసే ముందు పైపు ప్లేటుకు లంబంగా దిగుతుందా, నేలకు లంబంగానా అని అడగండి. రెండోదైతే ఆ దీర్ఘవృత్తమే సరైన జవాబు. ఆ ప్రశ్న వేసే అభ్యర్థికి కమాండ్లే కాదు, పనీ తెలుసని ఎదుటివారికి అర్థమవుతుంది.