ఒక పూటలో చూడదగిన నీటికోత, నిప్పురాయి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల పిల్లలలో గండికోటను చూడనివారరుదు. కాని వారిలో కోటను చూచినవారే పెక్కుమంది. కొండను చూచినవారు కొందరే. భూగర్భమునందలి యగ్ని పైకుబికి కొండను చీల్చుటచే నచ్చటి లోయ యేర్పడినదని నేను చాల యేండ్లు పాఠము చెప్పితిని. ఆ తప్పును నాకు చూపినవాడు నా విద్యార్థియే.

తెల్లవారుజామున జమ్మలమడుగు విడిచి, 15 కిలోమీటర్ల దూరమున నున్న గండికోట చేరితిమి. మాధవరాయస్వామి దేవాలయమును, జామియా మసీదును, ధాన్యాగారమును దాటి లోయ యంచునకు బోతిమి. సుమారు 300 అడుగుల క్రింద పెన్న. ఇరుదరుల ఎఱ్ఱని బండలు, పలకమీద పలక పేర్చిన గోడలవలె నిలిచియున్నవి. నేను నా పాత పాఠము మొదలిడగా, కాలిక్రింది బండపై ఏటి యిసుకమీది యలలవంటి గీతలను తడవి చూచుచున్న బాలుడొకడు, “అయ్యవారూ, నిప్పులో కరిగిన రాతి మీద నీళ్ల అలలు ఎట్ల నిలిచినాయి?” అని యడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఇంటికి వచ్చి చదువగా తెలిసినదిది. ఆ బండ ఒకప్పటి సముద్రపుటొడ్డున పేరుకొన్న యిసుక. పొరలు పొరలుగా నదిమికొని రాయియయ్యెను. నంది కొండలలో పుట్టిన పెన్న, ఎఱ్ఱమల కొండల నడ్డముగా కోసికొనుచు ప్రవహించెను. బండలలో నిలువు పగుళ్లుండుటచే, క్రింద కోతపడినకొలది పైరాళ్లు దిమ్మెలుగా విఱిగిపడును. గోడలు నిటారుగా నుండుటకు కారణమిదియే. జలపాతముల పద్ధతియు నిట్టిదే. క్రింది మెత్తని రాయి యరిగిపోగా పైనున్న గట్టి బండ యాధారము తప్పి కూలును. జలపాతము వెనుకకు జరుగును. అమెరికాలోని నయాగరా అట్లే జరుగుచున్నది. వదులు బండలున్నవి గనుక పిల్లలు అంచునకు బోరాదు.

నిజమైన నిప్పురాయిని చూడవలెనన్న ముద్దనూరు మీదుగా పులివెందులకు బోవలెను. శిఖరమున పొగలు గ్రక్కు కొండ యచ్చట లేదు. భూమి లోతున కరగిన రాయి పొరల సందున దూరి, ఓళిగలో పూర్ణమువలె పఱచుకొని, చల్లారి నల్లరాయి యయ్యెను. పులివెందుల దాపున నట్టి యొక పొర వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మహారాష్ట్రమునందలి దక్కను లావా వయస్సు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములే! వేంపల్లె ప్రాంతమున లావా నేలపైకి వచ్చియు ప్రవహించెను.

ఆ వేడిరాయి మెగ్నీషియము గల సున్నపురాతిని తాకినచోట రాతినార పుట్టెను. మావారిలో నొకడు నేలబడిన ముక్కనుండి తెల్లని పోగులను గిల్లి ఊదబోగా, వాని చేతిని గట్టిగా పట్టుకొంటిని. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి యేండ్ల తరువాత ప్రాణాంతక వ్యాధులను కలిగించును. చూపు దూరమునుండియే చాలును. ముగ్గురాయియు ఈ ప్రాంతమున దొరకును. మిక్కిలి బరువైనదగుటచే నూనెబావులు త్రవ్వునపుడు దాని పొడిని బురదలో కలుపుదురు.

మధ్యాహ్నమునకు తిరుగుముఖము పట్టితిమి. వేసవిలో ఈ యాత్ర వలదు, బండలు కాలును. వానలు తగ్గిన తరువాత, త్రాగునీరు వెంటగొని పోవలెను.