అగ్రపూజకు అర్హులెవరు?

వ్రతం ఒక్కరే చేసుకోవచ్చు. జపం ఏకాంతంలో సాగవచ్చు. ఉత్సవానికి మాత్రం ఊరు కావాలి. సవమంటే యజ్ఞం. దానికి ‘ఉత్’ అనే ఉపసర్గ చేరినప్పుడు ఉన్నతమైన యజ్ఞమనే భావం సిద్ధిస్తుందని పెద్దలు చెబుతారు. యజ్ఞానికి యజమానుడు, ఋత్విక్కులు, సదస్యులు ఉన్నట్లే ఉత్సవానికీ ఒక పెద్ద, కొందరు కార్యకర్తలు, చూచి తరించే ప్రజ ఉంటారు. యజ్ఞాంతంలో దక్షిణ, సత్కారం ఉన్నట్లే నేటి ఉత్సవాంతంలో శాలువా, పూలమాల, జ్ఞాపిక ఉన్నాయి. కనుక ఉత్సవంలో సన్మానం కొత్తగా పుట్టిన ఆడంబరమని తోసిపుచ్చడం తగదు. అది మన సంప్రదాయంలో ఉన్నదే. అయితే ఎవరిని, ఎందుకు, ఏ వేళ సత్కరించాలన్న వివేకం కొరవడితే, ఊరిని కలపవలసిన పండుగే ఊరిని రెండుగా చీలుస్తుంది.

జమ్మి సాక్షిగా ఆలింగనం

విజయదశమి నాటి అపరాహ్ణంలో అపరాజితాదేవిని పూజించి, ఈశాన్య దిశగా సాగి, శమీవృక్షాన్ని అర్చించడం ఆచారం. అజ్ఞాతవాసానికి వెళ్లే ముందు పాండవులు తమ ఆయుధాలను దాచింది ఆ చెట్టుమీదనే. తెలంగాణ పల్లెలలో ఆ సాయంత్రం పాలపిట్టను దర్శించి, జమ్మి ఆకును ‘బంగారం’ అని పిలుస్తూ పెద్దల చేతిలో ఉంచి పాదాభివందనం చేస్తారు. ఈడువారు ఒకరినొకరు గుండెలకు హత్తుకుంటారు. ఆ ఆలింగనానికే ‘అలాయ్ బలాయ్’ అని పేరు. ఏడాది పొడుగునా గట్టు తగాదాలతో మాటలు లేని ఇరుగుపొరుగులు సైతం ఆ వేళ ఎదురుపడితే జమ్మి ఇచ్చి పుచ్చుకోవలసినదే. ఆయుధాలను దాచిన చెట్టు కిందనే వైరాలను కూడా విడిచిపెట్టాలన్నది అందులోని అంతరార్థం.

ఈ పల్లె ఆచారాన్ని రాజధాని నడిబొడ్డుకు తెచ్చినవారు శ్రీ బండారు దత్తాత్రేయ. సికింద్రాబాద్ నుంచి పలుమార్లు లోక్‌సభకు ఎన్నికైన ఆయన 2004 ఎన్నికలలో పరాజయం పొందారు. ఆ మరుసటి ఏడాది, 2005లో, దసరా వేడుకగా ‘అలాయ్ బలాయ్’ని ప్రారంభించారు. ఓడినవారు గెలిచినవారిని పండుగ భోజనానికి పిలవడంలోని ఔచిత్యాన్ని పాఠకులు గమనించాలి. అప్పటి నుంచి పార్టీల భేదం లేకుండా నాయకులు, కళాకారులు, పండితులు, పారిశ్రామికులు అక్కడ కలుస్తున్నారు. జానపద కళలు, తెలంగాణ వంటకాలు ఆ వేడుకకు అలంకారాలు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉద్ధృతంగా సాగిన సంవత్సరాలలోనూ, 2014 జూన్ 2న తెలంగాణ అవతరించిన తరువాత కూడా ఆ వేదిక నిలిచింది. 2024 వేడుకలో భారతీయ జనతా పార్టీకి చెందిన పెద్ద పిలుపునందుకొని కాంగ్రెస్ ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి పాల్గొన్నారు. దత్తాత్రేయ 2019లో హిమాచల్ ప్రదేశ్‌కు, 2021 నుంచి 2025 వరకు హర్యానాకు గవర్నరుగా వ్యవహరించిన కాలంలో కుమార్తె శ్రీమతి బండారు విజయలక్ష్మి నిర్వహణ భారాన్ని వహించారు. వివిధ రంగాలవారిని సత్కరించే ఆనవాయితీ కూడా ఆ వేదికకు ఉంది. కొవిడ్ మహమ్మారి భయం ఇంకా తొలగని 2021లో వైద్య, ఔషధ రంగాల ప్రముఖులకు అక్కడ సత్కారం జరిగింది. ప్రాణాలు నిలిపినవారికి ప్రజల తరపున చేసిన నమస్కారమది.

రాజసూయ సభ నేర్పిన పాఠం

సభలో తొలి సత్కారం ఎవరికన్న ప్రశ్న మనకు ఇతిహాసకాలం నుంచే ఉంది. ధర్మరాజు రాజసూయం చేశాడు. భారతవర్షంలోని రాజులందరూ వచ్చారు. అర్ఘ్యం ఇవ్వవలసిన వేళ ధర్మరాజు తనంతట తాను నిర్ణయించలేదు. సభలోని వారందరూ వినగా, కురువృద్ధుడైన భీష్ముణ్ణి అడిగాడు. ఆచార్యుడు, ఋత్విజుడు, బంధువు, స్నాతకుడు, మిత్రుడు, రాజు అనే ఆరుగురు అర్ఘ్యానికి తగినవారని భీష్ముడు ముందుగా నియమాన్ని చెప్పాడు. ఆ తరువాతనే శ్రీకృష్ణుని పేరు పలికాడు. సహదేవుడు అర్ఘ్యం సమర్పించాడు.

ఇక్కడ క్రమాన్ని గమనించాలి. ముందు ప్రమాణం, తరువాత పేరు. నేడు అనేక సంఘాలలో పేరు ముందుగా నిర్ణయమవుతుంది. దానికి తగిన బిరుదును ఆపైన వెతుకుతారు. ప్రమాణం లేని పురస్కారానికి గౌరవం నిలవదు.

శిశుపాలుడు లేచి ఆక్షేపించాడు. కృష్ణుడు రాజా? కాదు. వృద్ధుడా? ఆయన తండ్రి వసుదేవుడున్నాడు. ఆచార్యుడా? ద్రోణుడున్నాడు. ఋత్విజుడా? వ్యాసుడున్నాడు. పైకి చూస్తే ఈ వాదం పసలేనిదేమీ కాదు. అయితే ఆ వాదానికి మూలం ధర్మజిజ్ఞాస కాదు, అసూయ. అందుకే వాదం దూషణగా మారింది. నూరు తప్పుల వరకు సహించిన వాసుదేవుడు ఆ తరువాతనే చక్రం ప్రయోగించాడు. సత్కార సభలో ఆక్షేపణ రావడం సహజమని, పెద్దరికం వహించినవాడు నూరు మాటల వరకు ఓర్చుకోవాలని ఈ ఘట్టం బోధిస్తోంది.

మరి కృష్ణుని అర్హత ఏమిటి? ఆయన పరమాత్మ అన్న సమాధానం భక్తులమైన మనకు చాలు. భాగవత దశమ స్కంధం మరొక మర్మాన్ని కూడా చెబుతుంది. ఆ యాగంలో ఎవరెవరు ఏ పని స్వీకరించారో అందులో ఉంది. భీముడు వంటశాల, నకులుడు సంభారాల సేకరణ, సహదేవుడు అతిథుల పూజ, అర్జునుడు గురుజనుల సేవ, ద్రౌపది వడ్డన, కర్ణుడు దానం చూసుకున్నారు. శ్రీకృష్ణుడు వచ్చినవారి పాదాలు కడిగే పనిని తీసుకున్నాడు. అందరి పాదాలు కడిగిన చేతులకే అగ్రపూజ దక్కింది. ఉత్సవ నాయకత్వానికి ఇంతకు మించిన నిర్వచనం లేదు.

అదే జాబితాలో మరొక పేరున్నది. కోశాగారాన్ని చూసే పని దుర్యోధనునిది. వచ్చిపడుతున్న రత్నరాశులను లెక్కించిన కొద్దీ అతని కడుపులో మంట పెరిగింది. ఆ మంటే జూదానికి, జూదం వనవాసానికి, వనవాసం కురుక్షేత్రానికి దారి తీశాయి. ఉత్సవ ధనాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామన్న విషయంలో సంఘాలకు ఇది శాశ్వతమైన హెచ్చరిక.

మట్టిపాత్రలోని మర్యాద

రఘువంశ కావ్యంలోని ఒక కథ దసరా బంగారంతో ముడిపడి లోకంలో ప్రచారంలో ఉంది. రఘుమహారాజు విశ్వజిత్ యాగంలో సర్వస్వం దానం చేశాడు. అప్పుడు వరతంతు మహర్షి శిష్యుడైన కౌత్సుడు గురుదక్షిణకై 14 కోట్ల ధనాన్ని అర్థించడానికి వచ్చాడు. రాజు వద్ద బంగారు పాత్ర లేదు. మట్టిపాత్రతోనే అర్ఘ్యమిచ్చాడు. ఆ అతిథి మర్యాదలో లోపమేమీ రాలేదు. తరువాత కుబేరుడు కనకవర్షం కురిపించాడు. రాజు ఉన్నదంతా తీసుకొమ్మన్నాడు. కౌత్సుడు గురువుకు ఇవ్వవలసిన దానికి మించి వద్దన్నాడు. ఆ బంగారం జమ్మిచెట్టుపై కురిసిందని జనశ్రుతి. జమ్మి ఆకును బంగారమనడం ఇందువల్లనేనని పెద్దలంటారు.

ఇచ్చేవాడు దాచుకోని చోట, పుచ్చుకొనేవాడు ఆశపడని చోట సత్కారం పవిత్రమవుతుంది. జ్ఞాపిక ఎంత పెద్దదన్నది లెక్కలోకి రాదు.

భాగ్యనగరంలో ఉత్సవ నాయకత్వం

మన భాగ్యనగర ఉత్సవాలన్నీ సామాన్యుల సంకల్పం నుంచి మొలిచినవే. 1954లో ఖైరతాబాద్‌లో సింగరి శంకరయ్య ఒక అడుగు ఎత్తు గణపతిని ప్రతిష్ఠించారు. 70వ ఏట, అనగా 2024లో, ఆ మూర్తి 70 అడుగులకు చేరింది. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు పాడిన లడ్డూ ప్రసాదం 2025లో 35 లక్షల రూపాయలకు చేరింది. ఆ ధనాన్ని గ్రామాభివృద్ధికి వినియోగించడం అక్కడి పద్ధతి. వేలంలో పాడినవాని పేరు ఆ ఏడాదికి మారుమోగుతుంది. ఆ ధనంతో ఊరికి ఒనగూడిన మేలు తరాల పాటు నిలుస్తుంది. విగ్రహం ఎత్తును, వేలం మొత్తాన్ని అందరూ అడుగుతారు. ఆ తొలి అడుగు వేసినవాని భక్తిని, ఖర్చుపెట్టిన తీరును అడిగేవారు మరింతమంది కావాలి.

ఇక మా ప్రగతి నగర్ సంగతి. గ్రామ పంచాయతీగా ఉన్న ఈ ఊరు 2019లో నిజాంపేట, బాచుపల్లితో కలిసి నగరపాలక సంస్థలో భాగమైంది. హైటెక్ సిటీ ఉద్యోగాల కోసం వచ్చినవారితో చెరువు చుట్టూ అపార్ట్‌మెంట్లు వెలిశాయి. ఒక అంతస్తులో కృష్ణా జిల్లా గృహిణి బొమ్మల కొలువు తీరుస్తుంది. పై అంతస్తులో వరంగల్ ఆడపడుచు తంగేడు, గునుగు పేర్చి బతుకమ్మను చేస్తుంది. లిఫ్టులో కలిసినా ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఇటువంటి చోట ఉత్సవం కేవలం వేడుక కాదు. అపరిచితులను ఇరుగుపొరుగులుగా మార్చే సంస్కారం. నాయకత్వం దారి తప్పితే ఇక్కడ జరిగే నష్టం కూడా అంత పెద్దదే.

కొన్నేళ్ల క్రితం ఒక కాలనీ మండపంలో నేను పూజ చేయిస్తున్నాను. రాత్రి 7 గంటలకు మహానైవేద్యం. ముఖ్య అతిథి బయలుదేరారని, వచ్చిన తరువాతనే హారతి ఇవ్వాలని నిర్వాహకులు కోరారు. 9 గంటలు దాటింది. పులిహోర చల్లారింది. పసిపిల్లలు తల్లుల ఒడిలో నిద్రపోయారు. చివరకు అతిథి వచ్చినప్పుడు ఎవరి శాలువా ముందన్న విషయమై మైకు వద్దనే మాటా మాటా పెరిగింది. మరుసటి ఏడాది ఆ వీధిలో రెండు మండపాలు లేచాయి. ఇద్దరు పెద్దల మధ్య మాట పట్టింపుకు దేవుడు రెండుచోట్ల కూర్చోవలసి వచ్చింది. రెండిళ్ల పిల్లలు మాత్రం ఏ మండపానికి వెళ్లాలో తెలియక గుమ్మాలలో నిలబడిపోయారు.

సంఘాలకు సూచనలు

మనుస్మృతి గౌరవానికి ఐదు హేతువులు చెప్పింది. ధనం, బంధుత్వం, వయస్సు, సత్కర్మ, విద్య. వీటిలో ముందున్న దానికంటే వెనుక చెప్పినది గొప్పదని కూడా నిర్దేశించింది. ధనానికీ స్థానముంది. అది తొలి మెట్టు, అంటే అన్నిటికంటె కింది మెట్టు. భూరి విరాళమిచ్చిన దాతను తప్పక సత్కరించండి. అయితే కర్మకు, విద్యకు పైన మరొక మెట్టు ఉందని మరువకండి.

దేవతార్చన ముగిసిన తరువాతనే మానవ సత్కారం జరగాలి. ముహూర్తం, నైవేద్యం, హారతి ఎవరి కోసమూ ఆగరాదు. ఆలయంలో శఠారి మంత్రికీ, కూలికీ ఒకే తీరున తలపై నిలుస్తుంది. మండపంలోనూ తీర్థప్రసాదాల వరుస అలాగే ఉండాలి.

పురస్కారానికి ప్రమాణాన్ని భీష్ముని వలె ముందుగా చెప్పండి. కాలనీ సభలో చదివి వినిపించండి. ఎన్నిక చేసేవారు తమలో ఒకరిని ఎన్నుకోరాదు. ప్రజాప్రతినిధిని సత్కరించదలిస్తే ఆయన పదవిని చూచి కాక, చేసిన పనిని పేరు పెట్టి చెప్పి సత్కరించండి. చెరువు బాగుపడిందా, బడికి గది వచ్చిందా, దారిలో దీపం వెలిగిందా అన్నది సన్మానపత్రంలో కనిపించాలి. అప్పుడది పొగడ్త కాదు, సాక్ష్యం. పని చేయనివారికి అదే మౌనంగా ఒక జ్ఞాపకం.

ప్రతి వేదికపై ఒక్క ఆసనమైనా కంటికి కనిపించని సేవకు ఉంచండి. నిమజ్జనం మరునాటి వేకువన చెరువు గట్టున వాడిన పూలను, కర్రలను ఎత్తే పారిశుద్ధ్య కార్మికురాలు, మట్టి గణపతిని చేసే కుమ్మరి, ఫ్లాట్లలో పెరిగిన పిల్లలకు బతుకమ్మ పాట నేర్పే అవ్వ, వీరు పాదాలు కడిగిన కృష్ణుని కోవకు చెందినవారు. వారికి శాలువా కప్పినప్పుడు సభలో చప్పట్లు కొట్టని చెయ్యి ఉండదు.

చివరగా, జమా ఖర్చుల పత్రాన్ని ఉత్సవాంతంలో దేవుని ముందుంచి బహిరంగంగా చదవండి. లెక్క చెప్పిన నాయకుడు మరుసటి ఏడాది చందా అడగడానికి ఎవరి గుమ్మం ముందూ తలవంచనక్కరలేదు. పెద్దరికం ఒకరి చేతిలోనే ఉండిపోకుండా యువతకు అప్పగించే ఏర్పాటూ అవసరం. చేతులు మారినప్పుడే జమ్మి బంగారమవుతుంది. కొమ్మకు ఉన్నంతసేపూ అది ఆకే.

ఈ విజయదశమికి మీ కాలనీలో పురస్కారం ఉంటే సంతోషమే. ఆ సభ ముగిసిన పిమ్మట మాల వేసుకొన్నవారు, మాల దక్కనివారు, ఆక్షేపించినవారు జమ్మి కిందకు రావాలి. పరస్పరం ఆకు ఇచ్చి ఆలింగనం చేసుకోవాలి. ఆ ఆలింగనాలు ఎన్ని జరిగాయన్నదే ఉత్సవానికి అసలైన లెక్క. అపరాజితాదేవి అందరి ఇండ్లలో ఐకమత్యాన్ని, ధర్మబుద్ధిని వర్ధిల్లజేయుగాక.