మృతవీరులు – స్మృతిధర్మము

చచ్చినవాని కన్నులు చారెడని మన సామెత. బ్రదికినన్నాళ్లు లేని విశాలత మరణముతో నా కన్నులకు వచ్చును. పోయినవానిని గూర్చి యొక మాట హెచ్చుగా పలుకుట లోకాచారము. దానిని తప్పుపట్ట నవసరము లేదు. కాని లక్షలాది ప్రజల విశ్వాసమును భుజములపై మోసి, తుదకా విశ్వాసమునే విక్రయించిన క్రీడావీరుడు మరణించినపుడు ఈ యాచారము చాలునా? ఈ ప్రశ్నను విచారించుటకు దక్షిణాఫ్రికా క్రికెట్టు నాయకుడు హాన్సీ క్రోనే చరిత్రకంటె తగిన యుదాహరణము దొరకుట యరుదు.

వర్ణవివక్షాపాపమువలన 1970 నుండి అంతర్జాతీయ క్రికెట్టునకు వెలియైయుండిన దక్షిణాఫ్రికా 1991లో మరల రంగమున నడుగిడెను. ఆ జట్టును బలిష్ఠముగా తీర్చిన నాయకుడు క్రోనే. 53 టెస్టులకు నాయకత్వము వహించి 27 గెలిపించెను. 2000వ సంవత్సరారంభమున మన దేశమునకు వచ్చి, 1987 తరువాత స్వదేశమున టెస్టుపరంపర నోడి యెరుగని భారతజట్టును రెండు టెస్టులలోను ఓడించెను. అతని దేశీయులకు అతడు ఆటగాడు మాత్రమే కాడు, శీలమునకు మారుపేరు.

2000 ఏప్రిల్ 7వ తేదీన ఢిల్లీ పోలీసులు, ఈ నాయకుడు పందెగాండ్రతో బేరములాడెనని ప్రకటించిరి. మొదట నతడు కాదనెను. కొలదిదినములలోనే తాను నిజము చెప్పలేదని యొప్పుకొనెను. కింగ్ న్యాయమూర్తి విచారణసంఘము నెదుట వెలువడిన సంగతులు విన్నవారు నివ్వెరపడిరి. ఆ యేటి జనవరిలో సెంచూరియన్‌లో ఇంగ్లండుతో ఆడిన టెస్టు వర్షమువలన వ్యర్థము కానుండగా, ఇన్నింగ్సులను వదలుకొని ఫలితమునకు దారి తీసిన క్రోనేను ఎల్లరు ఉదారుడని కొనియాడిరి. ఆ యౌదార్యము వెనుక పందెగాడిచ్చిన సొమ్మును, ఒక తోలుకోటును ఉన్నవని తరువాత తేలెను.

అంతకంటె ఘోరమైనది నాగపూరు వృత్తాంతము. 2000 మార్చిలో జరిగిన ఏకదిన పోటీకి ముందు, ఇరువది పరుగులలోపు ఔట్ కమ్మని హెర్షెల్ గిబ్స్‌ను, ఏబదికి మించి పరుగులిమ్మని హెన్రీ విలియమ్స్‌ను అతడు కోరెను. ఒక్కొక్కరికి పదునైదు వేల డాలర్లని ఆశపెట్టెను. ఇరువురును సరే యనిరి. ఆటలో మాత్రము గిబ్స్ 74 పరుగులు చేసెను; విలియమ్స్ గాయపడి రెండు ఓవర్లైన పూర్తిచేయలేదు. బేరము నెరవేరకున్నను ఇరువురికి ఆరేసి మాసముల నిషేధము తప్పలేదు. వీరిరువురును శ్వేతజాతీయులు కారు. వర్ణవివక్ష చట్టబద్ధముగా నంతరించి ఆరేండ్లైన నిండని దేశమున, శ్వేతజాతి నాయకుడు తన చేతిక్రింది వారిలో వీరి నెన్నుకొనెను. నాయకుని మాట కాదనిన జట్టులో చోటుండునా యని శంకించు స్థితిలోనున్న వారికి అది కోరికయా, ఆజ్ఞయా?

2000 అక్టోబరులో క్రోనేకు ఆజీవననిషేధము విధింపబడెను. 2002 జూన్ 1వ తేదీన జార్జి పట్టణసమీపమున విమానము కొండను ఢీకొన, ముప్పదిరెండేండ్ల వయసున అతడు మరణించెను. దేశము కన్నీరు కార్చెను. 2004లో జరిగిన ప్రజాభిప్రాయసేకరణమున దక్షిణాఫ్రికా మహనీయులలో పదునొకండవ స్థానమును ప్రజలు అతనికిచ్చిరి. క్షమించుట ప్రజల హక్కు. అయితే క్షమ వేరు, మరపు వేరు. నేరమును మరచిన పిదప క్షమించుటకు మిగులున దేమి?

మరణముతో దండన ముగియుననుట న్యాయమే. అమెరికాలో 4,256 హిట్లు కొట్టి రికార్డు నెలకొల్పిన బేస్‌బాల్ క్రీడాకారుడు పీట్ రోజ్ పందెములు కాచిన కారణమున 1989లో శాశ్వతముగా బహిష్కృతుడయ్యెను. 2024 సెప్టెంబరులో అతడు మరణించెను. అట్టి బహిష్కారము మరణముతో తీరునని ఆ క్రీడాధికారి 2025లో నిర్ణయించెను. ఆటను కాపాడుటకు విధించిన శిక్ష, ఇక ఆటను చెరుపజాలని వానిపై నిలువనక్కరలేదు. కాని దండన వేరు, సాక్ష్యము వేరు. శిక్ష మృతునికి సంబంధించినది. సాక్ష్యము బ్రదికియున్నవారికి, రానున్నవారికి సంబంధించినది. క్రోనే దోషమును దాచినచో గిబ్స్, విలియమ్స్ అను నిరువురు తమంత తామే చెడిన యువకులుగా చరిత్రలో మిగులుదురు. ఒకని కీర్తికి మెరుగు పెట్టుటకై మరి యిద్దరిపై మసి పూయుట కరుణ యనిపించుకొనదు.

మృతుడు మారుపలుకలేడు, అతని కుటుంబము దుఃఖించుచున్నది, దయ చూపుడని కొందరందురు. ఆ మాటలో బలము కలదు. కావుననే మనము పాటింపవలసిన హద్దొకటి కలదు: అతడు స్వయముగా నొప్పుకొనినదియు, విచారణలో రుజువైనదియు మాత్రమే చెప్పవలయును. వీధివదంతులను సమాధిపై రువ్వరాదు. అట్లే ఒక తప్పును చూపి అతని ప్రతి విజయమును దొంగసొత్తని తీర్మానించుటయు అన్యాయమే. ఆ జట్టులో నిజాయితీతో చెమటోడ్చిన తక్కిన పదిమందికి కూడ ఆ విజయములలో పాలు కలదు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. భారతకథలో ధర్మరాజు సత్యసంధుడు. అతడు జూదమున తమ్ములను, ద్రౌపదిని పణముగా నొడ్డెను. ద్రోణుడు వినునట్లు అశ్వత్థామనుగూర్చి అర్ధసత్యము పలికెను. వ్యాసుడు వీనిలో నొక్కదానినైన కప్పిపుచ్చలేదు. స్వర్గారోహణపర్వమున ఆ యొక్క మాటకై నరకదర్శనము కూడ చేయించెను. అందువలన ధర్మరాజుపై మన గౌరవము తగ్గినదా? తగ్గలేదు. దోషము తెలిసియు నమస్కరించుచున్నాము గనుకనే ఆ నమస్కారమునకు విలువ కలదు.

కావున క్రీడావీరునకు స్మారకము కట్టువారు శిలపై రెండు సంగతులను చెక్కింతురుగాక: అతడు గెలిచినది, అతడు అమ్ముకొనినది. దానిముందు నిలిచిన బాలుడు తండ్రి నొక ప్రశ్న తప్పక అడుగును. ఆ ప్రశ్నకు తండ్రి కనులు దించుకొనక సమాధానము చెప్పగలిగిననాడు, ఆ స్మారకము కట్టిన ఫలము దక్కినట్లే.