తోతాపురి ధరకు మూలం పాత డ్రమ్ములలో

చిత్తూరు జిల్లాలో 2025లో తోతాపురి ధర పడిపోవడానికి కాయ దిగుబడి ఒక్కటే కారణం కాదు. కోతలు మొదలయ్యేనాటికే గుజ్జు ఫ్యాక్టరీల గోదాములలో గత ఏడాది సరుకు అమ్ముడుపోక మిగిలి ఉన్నది. రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కేలా, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 చొప్పున భరించే ఏర్పాటు జరిగింది. జూన్‌లో పొరుగు రాష్ట్రాల తోతాపురి రాకపై నిషేధం విధించగా కర్ణాటక అభ్యంతరం తెలిపింది. ఇవన్నీ కాయ వైపు చర్యలే. వీటితో పాత డ్రమ్ము ఒక్కటీ ఖాళీ కాదు.

కోసిన కాయ నాలుగు రోజులు ఆగదు. అసెప్టిక్ డ్రమ్ములో గుజ్జు ఏడాదికి పైగా ఆగుతుంది. పానీయాల కంపెనీలు, గల్ఫ్ దేశాల కొనుగోలుదారులు ఏడాది పొడుగునా ఎత్తే సరుకును ఫ్యాక్టరీ రెండు మూడు నెలల్లో, అందులోనూ బ్యాంకు అప్పుతో, ఊహించి ఆడించుకోవాలి. చిక్కంతా ఇక్కడే.

లెక్క కోసం చూడండి. పానీయాల కంపెనీ ఏటా 100 డ్రమ్ములు వాడి, 20 నిల్వ ఉంచుతుంది. ఫ్యాక్టరీ పద్ధతీ అదే. వాడకం 90కి తగ్గితే కంపెనీ వద్ద 30 మిగులుతాయి. మరుసటి ఏడు 90 వాడకానికి, 18 నిల్వకు కావాలి గనుక 78 మాత్రమే కొంటుంది. 100 ఆడించిన ఫ్యాక్టరీకి 42 మిగులుతాయి. తరువాతి సీజనులో 52 ఆడిస్తే చాలు. బజారులో పదో వంతు తగ్గుదల ర్యాంపు దగ్గరకు వచ్చేసరికి దాదాపు సగమైంది. కంపెనీ తిరిగి 90 కొనగానే ఫ్యాక్టరీ వద్ద మిగిలేది 4. మరుసటి సీజనులో 104 ఆడించాలి. తాగేవారు పెరగకుండానే కాయ గిరాకీ రెట్టింపు! అలాంటి ఏడు సరుకు దొరకదన్న భయంతో కొనుగోలుదారు ఒకే అవసరానికి రెండు ఫ్యాక్టరీలకు ఆర్డరిస్తే ఊపు ఇంకా పెరుగుతుంది.

పరిశ్రమలలోని ఈ ఊగిసలాటను అమెరికన్ పండితుడు జే ఫారెస్టర్ 1961లోనే వివరించాడు. కొరడా పిడి కొద్దిగా కదిలితే కొస ఎంతో దూరం ఊగుతుంది. ఇక్కడ కొసన ఉన్నది రైతు, మండీ వర్తకుడు.

కంపెనీలు నెలవారీ వాడకాన్ని ఫ్యాక్టరీలకు తెలిపి, ఆర్డరును విడతలుగా ముందే ఖాయం చేస్తే ఊగిసలాట చాలావరకు అణుగుతుంది. ఫ్యాక్టరీలు కూడా ఏప్రిల్ నిల్వలను బయటపెట్టాలి. బేరంలో లోకువవుతామని దాచే నిల్వ జూన్‌లో ధర రూపంలో ఎలాగూ బయటపడుతుంది. పూత చూసి తోటలకు అడ్వాన్సులిచ్చే వర్తకులు పూతతోపాటు గోదామునూ విచారించడం మేలు.