ఉమ్మడి షెడ్డులో కొయ్యదుమ్ము



బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని చోరనూరు పరిసరాల వారికి దుమ్ము కొత్త కాదు. ఖనిజం లారీలు లేపే ఎర్రదుమ్ము కంటికి కనిపిస్తుంది కాబట్టి ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటాం. ఈనాడు మనం చెప్పుకోబోయేది అంతగా కనిపించని దుమ్ము. బండి నిలిపే షెడ్డులోనే ఇద్దరు ముగ్గురు కలిసి కొయ్యపని చేసుకునేటప్పుడు లేచే దుమ్ము.

చిత్రిక పట్టినప్పుడు రాలే పేళ్ళు, రంపం కింద పడే పొట్టు ఊడిస్తే పోతాయి. అసలు చిక్కు కరెంటు రంపం, గరుకు కాగితం మిషను లేపే సన్నని పొడితో. మిల్లీమీటరులో నూరో వంతుకన్నా చిన్నవైన రేణువులు పని ఆగినా చాలాసేపు గాలిలో తేలుతూ, ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి. టేకు, రోజ్‌వుడ్ పొడి కొందరికి దురద, ఆయాసం తెస్తుంది. ఇంగ్లండులో కుర్చీల తయారీకి పేరుపొందిన హై వికమ్ ప్రాంతంలో, కొయ్య సామాను చేసేవారికి ముక్కు లోపలి కేన్సర్ ఎక్కువగా రావడాన్ని 1960ల్లో వైద్యులు గుర్తించారు. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లో కొయ్యదుమ్మును కేన్సర్ కలిగించేవాటిలో చేర్చింది.

ఉమ్మడి చోట ఒకరి దుమ్ము అందరి దుమ్మే. కోసే మనిషి ముక్కుకు కట్టుకున్నా, పక్కన పాలిష్ వేసే మనిషి దాన్ని పీలుస్తాడు. కాబట్టి దుమ్మును లేచిన చోటే పట్టాలి. రంపం బల్ల కింద పెట్టె బిగించి, దానినుంచి గొట్టం ద్వారా గాలిని లాగే బ్లోయరు పెట్టండి. మధ్యలో మూత గట్టిగా ఉన్న డ్రమ్ము ఉంచి, గొట్టాన్ని దాని పక్కనుంచి వాలుగా లోపలికి పోనిస్తే గాలి సుడి తిరుగుతుంది. బరువైన పొట్టు అడుగున పడుతుంది. సన్నని పొడి ముందుకు పోయి సంచిలో చేరుతుంది. ఆ సంచి షెడ్డు బయట, పొరుగువారి కిటికీకి దూరంగా ఉండాలి.

అంత ఖర్చు పెట్టలేనివారు గరుకు కాగితం పని ఆరుబయట చేసుకోవచ్చు. లోపలే చేయాలంటే తలుపు తెరిచి, ఎదుటి కిటికీలో గాలిని బయటికి తోసే ఫ్యాను పెట్టండి. పైకప్పు ఫ్యాను దుమ్మును తిప్పుతుందే తప్ప బయటికి పంపదు. ఊడ్చేముందు నీళ్ళు చిలకరించండి, కాని మిషన్ల దగ్గర తడిగుడ్డతో తుడవడమే మేలు. గాలి పైపుతో బట్టలు దులుపుకోవద్దు. చేతిరుమాలు సన్నని పొడిని ఆపదు. ముఖానికి అతుక్కునే ఎన్-95 మాస్కు కావాలి.

నిప్పు మాట కూడా మరవకండి. మోటారు మీద పేరుకున్న పొడి వేడెక్కి అంటుకోవచ్చు. బీడీ బయటే కాల్చాలి. అవిసెనూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పొట్టులో పడేస్తే వాటంతట అవే రాజుకుంటాయి. వాటిని బయట విడివిడిగా పరచి ఆరబెట్టండి.

మంచి కొయ్య పొట్టు పొట్టుపొయ్యికి పనికొస్తుంది. ప్లైవుడ్‌లో జిగురు, పాత తలుపుల్లో రంగు ఉంటాయి. ఆ పొడిని పొయ్యిలో వేయవద్దు, పశువుల కింద పరచవద్దు.

షెడ్డు అద్దె, కరెంటు బిల్లు పంచుకునేవారు దుమ్ము బాధ్యతనూ పంచుకోవాలి. ఒకరు పాలిష్ వేస్తుంటే మరొకరు రంపం ఆపాలి. సంచి దులిపే వంతు ఎవరిదో గోడమీద రాసుకోవాలి. ఈ ఏర్పాటుకు పైసా ఖర్చు లేదు. రేపు షెడ్డు తెరవగానే ముందు ఇది మాట్లాడుకోండి.