1995 తెలుగుదేశం నాయకత్వ సంక్షోభం

ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావును, ఆయన పదవిలో ఉండగానే, ఆయన స్థాపించిన తెలుగుదేశం పార్టీ శాసనసభ్యులే నాయకత్వం నుండి తొలగించిన ఉదంతమును 1995 తెలుగుదేశం నాయకత్వ సంక్షోభం అంటారు. ఇది 1995 ఆగష్టులో జరిగింది.

నేపథ్యం

తెలుగుదేశం పార్టీ 1982లో ఆవిర్భవించింది. హైదరాబాదుకు పడమరగా, ఉస్మాన్ సాగర్ చెరువు సమీపాన ఉన్న గండిపేటలో ఆ పార్టీ ప్రాంగణం, రామారావు కుటీరం వెలిశాయి. కార్యకర్తల శిక్షణ తరగతులు, కొన్ని మహానాడులు అక్కడే జరిగాయి. 1984 ఆగష్టులో నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి పదవిని చేపట్టినా, అధిక సంఖ్యాక సభ్యులు రామారావు పక్షాన ఉన్నందున నెల రోజులకే వైదొలగవలసి వచ్చింది. 1994 ఎన్నికలలో పార్టీ 294 స్థానాలకు గాను 216 గెలుచుకొన్నది.

సంఘటనలు

రామారావు భార్య లక్ష్మీపార్వతి పార్టీ వ్యవహారాలలో జోక్యం చేసుకొంటున్నదని అసమ్మతి వర్గం ఆరోపించింది. ఈ మారు అధిక సంఖ్యాక సభ్యులు రామారావు అల్లుడు, మంత్రి నారా చంద్రబాబు నాయుడు పక్షాన చేరి హైదరాబాదులోని వైస్రాయ్ హోటలులో బస చేశారు. శాసనసభను రద్దు చేయవలసిందిగా రామారావు చేసిన సిఫారసు అమలు కాలేదు. గండిపేట సమీపంలోని చేవెళ్ళ శాసనసభ్యుడు, హోంమంత్రి పి.ఇంద్రారెడ్డి రామారావు వెంటే నిలిచాడు. ఆగష్టు 31న రామారావు రాజీనామా చేశాడు. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశాడు.

అమెరికా పద్ధతితో పోలిక

అమెరికాలో రాష్ట్ర గవర్నరు మన ముఖ్యమంత్రి వంటి కార్యనిర్వాహక అధిపతి. ప్రజలే నేరుగా ఎన్నుకొంటారు. మరల పోటీ చేయదలచిన గవర్నరుకు సొంత పార్టీలోనే ప్రత్యర్థి ఉంటే, ప్రైమరీ అనబడే తొలి ఎన్నికలో ఓటర్లు అభ్యర్థిని నిర్ణయిస్తారు. 2018లో కాన్సస్ గవర్నరు జెఫ్ కోల్యర్ రిపబ్లికన్ ప్రైమరీలో 343 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. అయినను పదవీకాలం ముగిసేవరకు గవర్నరుగా కొనసాగాడు.

భారత రాజ్యాంగం ప్రకారం మంత్రివర్గం శాసనసభకు బాధ్యత వహిస్తుంది. కావున శాసనసభాపక్షంలో బలాబలాలు తారుమారైతే, ఓటర్ల ప్రమేయం లేకుండానే ముఖ్యమంత్రి మారవచ్చును. శాసనసభాపక్షంలో మూడవ వంతు సభ్యుల చీలికను ఫిరాయింపుల చట్టం అప్పట్లో అనుమతించేది. 2003లో 91వ రాజ్యాంగ సవరణ ఆ వెసులుబాటును తొలగించింది.

పరిణామాలు

రామారావు 1996 జనవరి 18న మరణించాడు. అదే సంవత్సరం జరిగిన లోక్‌సభ ఎన్నికలలో రాష్ట్రంలోని 42 స్థానాలలో చంద్రబాబు నాయుడు నాయకత్వంలోని తెలుగుదేశం 16 గెలిచింది. లక్ష్మీపార్వతి నాయకత్వంలోని పార్టీకి ఒక్క స్థానమూ దక్కలేదు. రెండు వర్గాల గురించి రాష్ట్ర ప్రజలందరూ ఓటు వేసే అవకాశం వచ్చేనాటికి రామారావు జీవించి లేడు.